ప్లమ్ విలేజ్

నైరుతి ఫ్రాన్స్‌లో, బోర్డో నగరానికి తూర్పున, ద్రాక్షతోటల పల్లెల మధ్య ఉన్న బౌద్ధ విహారం. వియత్నాం జెన్ గురువు థిక్ నాట్ హన్ (1926–2022) తన శిష్యురాలు చాన్ ఖోంగ్‌తో కలిసి 1982లో దీన్ని నెలకొల్పారు. వియత్నాం యుద్ధం ఆపమని కోరుతూ 1966లో అమెరికా వెళ్లిన ఆయనను స్వదేశంలో తిరిగి అడుగుపెట్టనివ్వలేదు. 2005లో గానీ మళ్లీ వియత్నాం చూడలేదు.

ఇక్కడ గంట మోగితే కూరలు తరిగేవారు కత్తి ఆపుతారు, నడిచేవారు నిలబడతారు, మాట్లాడేవారు మాట మధ్యలోనే ఆగుతారు. మూడుసార్లు ఊపిరి గమనించుకుని మళ్లీ పనిలో పడతారు. ఫోను మోగినా అంతే, వెంటనే ఎత్తరు. కమలాపండు తినడమూ సాధనే. తొక్క ఒలుస్తుంటే చిమ్మే వాసన, తొన పగిలినప్పటి పులుపు తెలియాలి. ఒక తొన నోట్లో ఉండగా చెయ్యి రెండోదాని మీదికి పోకూడదు. తర్వాత తాగబోయే టీ మీద మనసు పెట్టి అంట్లు తోమేవారు ఆ టీని కూడా ఆస్వాదించలేరని ఆయన బోధ.

ఈ సాధనకు మూలం ఆనాపానసతి, సతిపట్ఠాన అనే పాళీ బౌద్ధ సుత్తాలు. వాటిని ఆయన వంటింటి పనుల దాకా తెచ్చారు. ఇది తీరిక ఉన్నవారి విలాసం కాదు: ఆయన ప్రసిద్ధ గ్రంథం 'ది మిరకిల్ ఆఫ్ మైండ్‌ఫుల్‌నెస్' మొదట యుద్ధకాలపు వియత్నాంలో పనిచేస్తున్న సేవాకార్యకర్తల కోసం రాసిన ఉత్తరం.