రచ్చబండ మీద ఆడవాళ్లు

తెలుగు వికీపీడియాలో అందరికీ సంబంధించిన విషయాలు చర్చించుకునే పేజీ పేరు 'రచ్చబండ'. అందమైన పేరే. కానీ మా హుస్నాబాద్ చుట్టుపక్కల ఊళ్లలో పెరిగిన ఏ ఆడపిల్లకైనా ఆ మాట వినగానే చెట్టు కింది గద్దె, దానిమీద తువ్వాళ్లు వేసుకుని కూచున్న మగవాళ్లు గుర్తొస్తారు. బిందె చంకన పెట్టుకుని, తల వంచుకుని ఆ పక్కనుంచి గబగబా నడిచిపోవడమే మనకు తెలిసిన రచ్చబండ. నేను దానిమీద కూచున్నది కంప్యూటర్ ముందే.

చదివేవాళ్లే దిద్దగలిగే వికీ పద్ధతికి 1995లో వార్డ్ కన్నింగ్‌హామ్ అనే అమెరికన్ ప్రోగ్రామర్ రూపమిచ్చాడు. 2001 జనవరిలో ఇంగ్లీషు వికీపీడియా, 2003 డిసెంబర్ 10న వెన్న నాగార్జున చొరవతో తెలుగుది మొదలయ్యాయి. తెలుగు వికీలో తొలిరోజుల్లో రాసేవాళ్ల పేరు ముందు 'సభ్యుడు' అని ఉండేది. ఆడదైనా సభ్యుడే! తర్వాత అది 'సభ్యులు' అయింది, ఇప్పుడు 'వాడుకరి'. చిన్న మార్పే అనిపించవచ్చు. కానీ ఆ మొదటి మాట ఎంచుకున్నప్పుడు రాయడానికి వచ్చేవాళ్లు ఎవరని ఊహించుకున్నారో అందులోనే తెలుస్తుంది. 2010లో వెలువడిన ఒక అంతర్జాతీయ సర్వేలో వికీపీడియా రాసేవాళ్లలో స్త్రీలు 13 శాతం లోపేనని తేలింది. ఎవరు రాస్తున్నారన్నది ఏం రాస్తున్నారన్నదాన్ని నిర్ణయిస్తుంది. కెనడా భౌతిక శాస్త్రవేత్త డొనా స్ట్రిక్‌లాండ్ మీద రాసిన వ్యాసాన్ని తగిన మూలాలు లేవని 2018 మేలో ఇంగ్లీషు వికీపీడియా తిప్పికొట్టింది. అక్టోబర్‌లో ఆమెకు నోబెల్ బహుమతి వచ్చింది.

తెలుగు విజ్ఞాన సర్వస్వాల చరిత్ర చెప్పేటప్పుడు అందరూ కొమర్రాజు లక్ష్మణరావుతో మొదలుపెడతారు. ఆంధ్ర విజ్ఞాన సర్వస్వం పని పూర్తికాకుండానే 1923లో ఆయన పోయారు. ఆయన పేరిట తెలుగు వికీ సముదాయం ఒక పురస్కారం కూడా ఏర్పాటు చేసుకుంది. న్యాయమే. అయితే ఆయన నాగపూర్‌లో ఉండి చదువుకున్నది అక్క భండారు అచ్చమాంబ ఇంట్లో. బడి మొహం చూడని ఆ అక్క తమ్ముడి పక్కన కూచుని చదువు నేర్చుకుంది. తమ్ముడి సర్వస్వం కంటే దశాబ్దం ముందే, 1901లో 'అబలా సచ్చరిత్ర రత్నమాల' తెచ్చింది. ఎక్కడెక్కడి స్త్రీల జీవితాలో వెతికి, ఏరి, ఒకచోట చేర్చింది. 1905లో, ముప్పయ్యేళ్లు దాటీదాటకుండానే చనిపోయింది. నా లెక్కలో మన సర్వస్వ రచన ఆమెతోనే మొదలు.

ఇక మా ఊరి పేజీ. 2016 అక్టోబర్ 11న హుస్నాబాద్ కరీంనగర్ జిల్లా నుంచి సిద్దిపేట జిల్లాలోకి పోయింది. జిల్లాలు మారినప్పుడు ఊరూరి పేజీని పట్టి దిద్దడం ఎంత చాకిరో చేసినవాళ్లకే తెలుసు. ఇంటిపని లాంటిదే, చేస్తే కనిపించదు, చేయకపోతే కనిపిస్తుంది. ఊరి పేజీల్లో జనాభా లెక్కల నుంచి తెచ్చిన అంకెలుంటాయి. మగవారి సంఖ్య ఇంత, ఆడవారి సంఖ్య ఇంత. ఆ అంకెలోంచి ఒక్క పేరయినా బయటికి రావాలంటే ఏం చేయాలి?

మా దగ్గరి మహ్మదాపూర్ గుట్టల్లో 1948 మార్చి 14న అనభేరి ప్రభాకరరావు, సింగిరెడ్డి భూపతిరెడ్డి, వాళ్ల సహచరులు నిజాం బలగాల చేతిలో అమరులయ్యారు. వాళ్ల పేర్లు స్తూపం మీదున్నాయి, పుస్తకాల్లో ఉన్నాయి, వికీలోనూ ఉన్నాయి. మా వాడలో ఒక ముసలామె ఉండేది. "అంబటి కుండ మీద తవుడు మూట పెట్టుకొని పోయేదాన్ని బిడ్డా, ఎడ్లకని చెప్పేదాన్ని" అనేది. ఆ మాట నేను వికీలో రాయలేను. అచ్చయిన మూలం లేని సంగతి అక్కడ 'మౌలిక పరిశోధన' కింద లెక్క, అది నిషిద్ధం. ఆ నియమం మీద నాకు కోపం లేదు. అది లేకపోతే ప్రతి దొర మనుమడూ వచ్చి తాత గొప్పలు రాసిపోతాడు. కాకపోతే అచ్చు ఎవరి చేతుల్లో ఉండింది? తవుడు మూట మోసినామెకు సంతకం రాదు.

దీనికి దారి మనవాళ్లు ముందే వేశారు. స్త్రీశక్తి సంఘటన వాళ్లు తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీల దగ్గరికి వెళ్లి, వాళ్ల మాటల్నే 1986లో 'మనకు తెలియని మన చరిత్ర'గా అచ్చువేశారు. అంతదాకా ముచ్చట్లుగా ఉన్నవి ఆ రోజునుంచి మూలాలయ్యాయి. వికీలో ఎవరైనా ఇప్పుడు ఆ పుస్తకం పేజీ సంఖ్య చూపించి రాయవచ్చు.

అందుకే నేనిప్పుడు వికీలో రాసేది తక్కువ, వాడల్లో తిరిగేది ఎక్కువ. ఎనభై దాటినవాళ్లు ఇంకా కొందరున్నారు. ఒక్కొక్కరి దగ్గర కూచుని ఫోన్‌లో రికార్డు చేసి, ఇంటికొచ్చి రాసుకుంటున్నాను. వాళ్ల పేర్లు, ఊరు, తేదీ వేసి పత్రికలకు పంపుతాను. అచ్చయ్యాక, మా ఊరి పేజీలో ఆడవారి సంఖ్య తర్వాత ఒక వాక్యం చేరుస్తాను. పక్కనే పత్రిక పేరు, నెల, పేజీ సంఖ్య.