తెరవని బడి

జూన్ మూడోవారం వచ్చిందంటే న్యూజెర్సీలో తెలుగువాళ్ళ ఇళ్ళల్లో ఒకటే హడావిడి. బడులు మూసేస్తారు. మళ్ళీ తెరిచేది సెప్టెంబరులోనే. మొగుడూ పెళ్ళాం ఇద్దరూ ఉద్యోగాలకి పోయే ఇంట్లో ఈ పది వారాలూ పిల్లల్ని ఎక్కడ పెట్టాలి? మన చిన్నప్పుడైతే అమ్మమ్మగారి ఊరు ఉండేది. మామిడితోట, చెరువుగట్టు, ఎండకి నల్లబడ్డ మొహాలు. ఇక్కడ అమ్మమ్మకి బదులు సమ్మర్ క్యాంపు. పొద్దున దింపి సాయంత్రం తెచ్చుకునేది డే క్యాంపు, వారాల తరబడి అడవిలోనే ఉంచేసేది స్లీపవే క్యాంపు.

ఈ క్యాంపుల ఆచారం నిన్నా మొన్నటిది కాదు. కనెటికట్ రాష్ట్రంలో ఫ్రెడరిక్ గన్ అనే బడిపంతులు 1861లో తన విద్యార్థుల్ని నడిపించుకుంటూ సముద్రతీరానికి తీసుకెళ్ళి రెండు వారాలు గుడారాల్లో ఉంచాడట. అమెరికాలో మొదటి వేసవి శిబిరం అదేనని చాలామంది చెబుతారు. ఊళ్ళు పెరిగి, పొలాలు తగ్గి, పిల్లలకి మట్టి అంటడమే కరువైపోతోందని పెద్దవాళ్ళకి భయం పుట్టిన కాలం అది. ఆ భయమే క్యాంపుల్ని పెంచింది.

మా ఇంట్లో గొడవ వేరు. కొన్నేళ్ళ క్రితం, మా అమ్మాయికి తొమ్మిదేళ్ళప్పుడు, నేను లెక్కల క్యాంపు అన్నాను. అది చేతిపనుల క్యాంపు అంది. "వారం రోజులు మట్టి పిసికితే ఏమొస్తుందే?" అన్నాను. "కుండ వస్తుంది నాన్నా" అంది. మా ఆవిడ నవ్వి, ఫారం మీద సంతకం పెట్టేసింది. అలా ఒక సోమవారం పొద్దున దాన్ని కారులో ఎక్కించుకుని రూట్ పది మీద పడ్డాను.

పార్సిప్పనీ తెలియని తెలుగువాళ్ళు తక్కువ. ఎనభై, రెండువందల ఎనభై ఏడు, నలభై ఆరు, పది. ఇన్ని రహదార్లు ఊరి మీదుగా పోతాయి. ఆఫీసు భవనాలు, వాటికి దగ్గర్లో అపార్టుమెంట్లు, వాటిలో మనవాళ్ళు. నేనూ అలాంటి అపార్టుమెంటులోనే కాపురం మొదలుపెట్టాను. రోజూ ఆ రూట్ పది మీదే ఆఫీసుకి వెళ్ళేవాణ్ణి. పక్కనే ఉన్న చిన్న మలుపు తిరిగితే ఏముందో ఆ సోమవారం దాకా చూడలేదు.

మలుపు తిరిగాక చెట్లు. చెట్ల మధ్య పెద్ద దుంగల ఇల్లు. అక్కడి పొలాల్లో దొరికిన రాళ్ళతో కట్టిన పునాది, దాని మీద ఆ నేలలోనే పెరిగిన చెస్ట్‌నట్ చెట్ల మానులు. దాని పేరు క్రాఫ్ట్స్‌మన్ ఫార్మ్స్. ఇప్పుడది మ్యూజియం. కట్టినవాడు గుస్తావ్ స్టిక్లీ. పిల్లని దింపి, ఆఫీసుకి ఆలస్యమైనా సరే అనుకుని, గోడ మీద రాసిందంతా చదివాను. ఆ తరవాత చాలా చదివాను. ఈ వ్యాసం ఆ చదువు ఫలితమే.

స్టిక్లీ 1858లో విస్కాన్సిన్ రాష్ట్రంలో జర్మనీ నుంచి వచ్చిన వలస కుటుంబంలో పుట్టాడు. చిన్నతనంలోనే చదువు ఆపి తండ్రి వెంట రాతిపనికి వెళ్ళవలసి వచ్చింది. తరవాత పెన్సిల్వేనియాలో బంధువుల కుర్చీల కర్మాగారంలో కొయ్యపని నేర్చుకున్నాడు. ఆ పని అబ్బింది. న్యూయార్క్ రాష్ట్రం సిరక్యూస్ దగ్గర సొంత కర్మాగారం పెట్టాడు. ఆయన చేయించిన బల్లలూ కుర్చీలూ ఓక్ చెక్కతో, నగిషీలు లేకుండా, బరువుగా, నేరుగా ఉంటాయి. ఒక చెక్క కొసని ఇంకో చెక్క బెజ్జంలో దిగేసిన అతుకుని దాచడు, పైకే కనబడనిస్తాడు. ప్రతి దానిమీదా ఒక గుర్తు వేసేవాడు. అందులోని ఫ్లెమిష్ మాటకి అర్థం "నాకు చేతనైనంత" అని.

ఈ ఆలోచన ఆయన సొంతం కాదు. ఇంగ్లండులో జాన్ రస్కిన్, విలియం మోరిస్ ముందే చెప్పారు. యంత్రం మనిషి చేతిలోంచి పనినీ, పనిలోంచి ఆనందాన్నీ లాగేసిందనీ, ఆలోచించేవాడొకడూ చేసేవాడొకడూ అని మనుషుల్ని విడగొట్టడమే పాపమనీ వాళ్ళ వాదం. స్టిక్లీ 1901లో 'ది క్రాఫ్ట్స్‌మన్' అనే పత్రిక మొదలుపెట్టి, మొదటి సంచిక మోరిస్‌కీ రెండో సంచిక రస్కిన్‌కీ కేటాయించాడు. మధ్యతరగతివాళ్ళు కట్టుకోగల ఇళ్ళ నమూనాలు ఆ పత్రికలో అచ్చువేసేవాడు.

1908 నుంచీ పార్సిప్పనీలో భూమి కొనడం మొదలుపెట్టాడు. చివరికి సుమారు ఆరువందల యాభై ఎకరాలయింది. ఎందుకంటే, బడి పెడదామని. ఊళ్ళలో పెరిగే మగపిల్లలు ఇక్కడికొచ్చి ఉండి, పొద్దున పొలం పనీ కొయ్యపనీ చేస్తూ, దానితోపాటే పుస్తకాల చదువూ చదవాలి. చెయ్యీ బుర్రా కలిసి ఎదగాలి. చదువు ఆపి రాళ్ళు మోసిన కుర్రాడు యాభై ఏళ్ళు దాటాక కన్న కల ఇది. ఆయనకి అయిదుగురు కూతుళ్ళూ ఒక కొడుకూ. అయినా బడి మగపిల్లలకే అనుకున్నాడు. కాలం అలాంటిది.

ఇక్కడ కాస్త ఆగి బందరు వెళ్ళివద్దాం. మాది బందరు దగ్గర పల్లెటూరు కాబట్టి నాకు వెళ్ళక తప్పదు.

స్టిక్లీ తన బడి కోసం నేల చదును చేయిస్తున్న రోజుల్లోనే, 1910లో, బందరులో కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావు, భోగరాజు పట్టాభి సీతారామయ్య ఆంధ్ర జాతీయ కళాశాల తెరిచారు. బెంగాల్ విభజన తరవాత పుట్టిన స్వదేశీ ఉద్యమం, 1907లో బిపిన్ చంద్ర పాల్ ఆంధ్రదేశమంతా తిరిగి చేసిన ఉపన్యాసాలు, వీటి వేడిలో పుట్టిన బడి అది. తెల్లవాడి చదువు గుమాస్తాల్ని తయారుచేస్తుంది, మనకి కావలసింది మనుషులు అన్నది వాళ్ళ మాట. అందుకే పుస్తకాలతోపాటు చేతిపనులూ కళలూ పెట్టారు. తరవాతి కాలంలో ప్రమోద్ కుమార్ ఛటర్జీ బెంగాల్ నుంచి వచ్చి అక్కడ చిత్రలేఖనం నేర్పారు. అడివి బాపిరాజు ఆయన దగ్గర శిష్యరికం చేసినవారే. 'నారాయణరావు' నవల రాసిన బాపిరాజు తరవాత ఆ కళాశాలకి ప్రిన్సిపాల్ కూడా అయ్యారు.

బందరుకీ పార్సిప్పనీకీ ఏమిటి సంబంధం అంటారేమో. ఒకరి సంగతి ఒకరికి తెలిసిందని నేననడం లేదు. కానీ రెండు బావుల్లోకీ ఊరిన నీరు చాలావరకు ఒకటే. గాంధీ 1904లో దక్షిణాఫ్రికాలో రైల్లో కూర్చుని రస్కిన్ పుస్తకం చదివి జీవితం మార్చుకున్నాడు. కొలంబోలో పుట్టిన ఆనంద కుమారస్వామి ఇంగ్లండులో ఉండగా మోరిస్ వాడిన ముద్రణయంత్రం మీదే సింహళ కళల గురించి తన పుస్తకం 1908లో అచ్చువేశాడు. మన చేతిపనులవాళ్ళ గొప్పతనం గురించి స్వదేశీ రోజుల్లో అందరికంటే గట్టిగా రాసినవాళ్ళలో ఆయన ఒకడు.

ఆ కుమారస్వామితో కలిసి నందికేశ్వరుడి 'అభినయదర్పణం' ఇంగ్లీషులోకి అనువదించిన తెలుగువాడు ఎవరో తెలుసా? దుగ్గిరాల గోపాలకృష్ణయ్య. తరవాత చీరాల-పేరాల ఉద్యమం నడిపిన ఆంధ్రరత్న. ఆ పుస్తకం 1917లో హార్వర్డ్ యూనివర్సిటీ ప్రెస్ అచ్చువేసింది. ఇవాళ న్యూజెర్సీ బేస్‌మెంట్లలో పతాకం, త్రిపతాకం అంటూ చేతులు తిప్పే మన ఆడపిల్లలకి వాళ్ళకంటే ముందు ఆ ముద్రలు ఒక తెలుగువాడి చేతిమీదుగా అమెరికా చేరాయని ఎవరైనా చెబితే బాగుండును.

మళ్ళీ పార్సిప్పనీకి వద్దాం. బందరు బడి తెరుచుకుంది. స్టిక్లీ బడి తెరుచుకోలేదు.

ముందు డబ్బు సంపాదిద్దాం, తరవాత బడి అనుకున్నాడో ఏమో, బడి పిల్లలూ అతిథులూ వచ్చి కూర్చోవడానికి అనుకున్న దుంగల ఇంట్లోకి సంసారాన్నే మార్చాడు. 1913లో న్యూయార్క్ నగరం నడిబొడ్డున పన్నెండంతస్తుల భవనం తీసుకుని దుకాణం తెరిచాడు. పై అంతస్తులో హోటలు. పార్సిప్పనీ పొలంలో పండిన కూరలూ పాలూ అక్కడికి వెళ్ళేవి. చూడ్డానికి బాగానే ఉంది. కానీ జనం అభిరుచి మారిపోయింది. బరువైన ఓక్ బల్లలు పాతబడ్డాయి. ఆయన నమూనాల్ని చూసి చేసేవాళ్ళు పెరిగారు, వాళ్ళలో సొంత తమ్ముళ్ళు కూడా ఉన్నారు. 1915లో దివాలా. 1916లో పత్రిక ఆగింది. 1917లో, అంటే దుగ్గిరాలవారి పుస్తకం వచ్చిన ఏడే, పొలం అమ్ముడుపోయింది. స్టిక్లీ సిరక్యూస్‌కి తిరిగి వెళ్ళి, 1942లో కూతురింట్లో పోయాడు. ఆయన ఇల్లు కట్టిన చెస్ట్‌నట్ జాతికీ అదే గతి పట్టింది. 1904లో న్యూయార్క్‌లో బయటపడ్డ తెగులు కొద్ది దశాబ్దాల్లో అమెరికా అడవుల్లోంచి ఆ పెద్ద మానుల్ని దాదాపు తుడిచిపెట్టేసింది.

కథ ఇంతటితో అయిపోవలసింది. 1988లో స్టిక్లీ సొంతింటికి చేయించుకున్న సైడ్‌బోర్డు ఒకటి న్యూయార్క్‌లో వేలానికొస్తే గాయని బార్బ్రా స్ట్రైసాండ్ 3,63,000 డాలర్లు పెట్టి కొంది. అప్పు తీర్చలేక అమ్ముకున్న మనిషి చేయించిన చెక్కకి అంత ధర! అదే సమయంలో ఆయన పొలంలో టౌన్‌హౌసులు కట్టడానికి బిల్డర్లు సిద్ధమయ్యారు. ఊరివాళ్ళు ఊరుకోలేదు. 1989లో పార్సిప్పనీ టౌన్‌షిప్ ప్రజావసరం కింద ఆ స్థలాన్ని తీసుకుంది. 1990లో జాతీయ చారిత్రక స్థలంగా గుర్తింపు వచ్చింది. ఇప్పుడు మిగిలింది సుమారు ముప్ఫై ఎకరాలు. టౌన్‌హౌసులు కట్టి ఉంటే వాటిలో సగం మనవాళ్ళే కొనేవాళ్ళు. నేనూ కొనేవాణ్ణేమో.

మా అమ్మాయి క్యాంపుకి వెళ్ళిన ఆ వేసవిలో మా నాన్న మా దగ్గరే ఉన్నాడు. ఆరునెలల వీసా. ఆయన వడ్రంగి మేస్త్రీ. వాళ్ళ నాన్నా వడ్రంగే. నాకు ఏడేళ్ళప్పుడు సరదాపడి ఉలి పట్టుకుంటే చెయ్యి మీద ఒక్కటిచ్చాడు. "ఇంకోసారి దీన్ని ముట్టుకున్నావంటే వేళ్ళు విరగ్గొడతా. నువ్వు పెన్ను పట్టు" అన్నాడు. పెన్ను పట్టాను. తరవాత కీబోర్డు పట్టాను. ఉలి ఇప్పటిదాకా మళ్ళీ పట్టలేదు.

శుక్రవారం సాయంత్రం పిల్లల పనులు చూడ్డానికి రమ్మన్నారు. నాన్నని కూడా తీసుకెళ్ళాను. దుంగల ఇంట్లోకి వెళ్ళాం. ఏదీ ముట్టుకోకూడదని మ్యూజియం ఆవిడ ముందే చెప్పింది. నేను తెలుగులో చెప్పాను. ఆయన రెండు చేతులూ వెనక్కి కట్టుకుని ఒక బల్ల దగ్గర వంగి, అతుకు కేసి చాలాసేపు చూశాడు. మేకు ఎక్కడా లేదు. లేచి అన్నాడు: "ఈ మేస్త్రీ అబద్ధం ఆడలేదురా."

స్టిక్లీ బడి సంగతి చెప్పాను. డబ్బున్న ఇళ్ళ పిల్లలకి కూడా పొలం పనీ కొయ్యపనీ నేర్పుదామనుకున్నాడనీ, కుదరలేదనీ. ఆయన కొంచెం ఆలోచించి, "మన బందర్లో పెద్దమనుషులు కూడా అదే అన్నార్రా. మంచిమాటే. కానీ చేతిపని చదువని వాళ్ళకి ఒకరు చెప్పాలి. మనకి అది చదువు కాదు, వేరే దారి లేక చేసిన పని" అన్నాడు.

నేను చదివిన రస్కిన్, మోరిస్ అంతా ఆ ఒక్క మాటతో పక్కకి పోయింది. తాతకి ఉలి తలరాత. నాకు అది నిషేధం. మా అమ్మాయికి వేసవిలో ఒక వారం ఆట. చెయ్యీ బుర్రా కలవాలని స్టిక్లీ అన్నది నిజమే, కానీ రెండింటిలో ఏదీ బలవంతం కాని ఇంట్లోనే అవి కలుస్తాయి. అలాంటి ఇల్లు కట్టడానికి మాకు మూడు తరాలు పట్టింది. అందుకు కావలసిన డబ్బు నా చేతిలో ఉండి కూడా నేను పిల్లని లెక్కలకే తోద్దామనుకున్నాను. నాన్న కొట్టిన దెబ్బ నా చేతి మీద ఇంకా ఉన్నట్టుంది.

మా అమ్మాయి బల్ల మీద రెండు వస్తువులు పెట్టుకుంది. మట్టితో చేసిన చిన్న కుండ, ఒకవైపు ఒరిగిపోయింది. అట్ట చట్రం మీద రంగుదారాలతో నేసిన జానెడు గుడ్డ. తాత ఆ గుడ్డని తిరగేసి వెనకవైపు చూశాడు. పనివాళ్ళంతా అలాగే చూస్తారు. "అంచు జారిపోయిందమ్మా. ఇంటికెళ్ళాక విప్పి మళ్ళీ అల్లుదాం" అన్నాడు. దానికి తెలుగు సగమే అర్థమవుతుంది. ఆ మాట మాత్రం పూర్తిగా అర్థమైంది.

ఆ రాత్రి వంటింటి బల్ల మీద ఇద్దరూ కూర్చుని విప్పారు. నేను కాసేపు నిలబడి చూసి, లాప్‌టాప్ మూసి, వాళ్ళ పక్కన కుర్చీ లాక్కున్నాను. నాన్న నా కేసి చూసి, ఏమీ అనకుండా, దారం కొస నా చేతికిచ్చాడు.