తలవెంట్రుకలో ఖనిజాలు: ఒక పరీక్ష నడిచిన దారి

ఎదిగే ఆడపిల్లకు జుట్టు రాలినా, ఒళ్లు చేసినా, నీరసం వదలకపోయినా కాసిని వెంట్రుకలు పంపండి, ఒంట్లో ఏ ఖనిజం తగ్గిందో, జీవక్రియ ఎంత మందగించిందో చెబుతామనే ప్రకటనలున్నాయి. ఆ పరీక్ష చరిత్ర తల్లిదండ్రులు తెలుసుకోవాలి.

వెంట్రుకను మొదట ఆశ్రయించింది విషప్రయోగాల మీద దర్యాప్తు చేసినవాళ్లు. ఆర్సెనిక్‌ను పట్టే పద్ధతిని 1836లో జేమ్స్ మార్ష్ ప్రకటించాడు. వెంట్రుకలోని కెరటిన్‌లో గంధకం ఎక్కువ. ఆర్సెనిక్, పాదరసం దానికి గట్టిగా అంటుకుంటాయి. 1961లో నెపోలియన్ వెంట్రుకల్లోనూ ఆర్సెనిక్ కోసం వెతికారు.

వెంట్రుక పరీక్ష సత్తా తేలింది ఇరాక్ విషాదంలో. 1971-72లో పాదరసపు మందు పట్టించిన విత్తన గోధుమలను పల్లెజనం పిండి ఆడించి రొట్టెలు చేసుకున్నారు. ఆసుపత్రుల్లో చేరినవారు 6,530 మంది, అక్కడే చనిపోయినవారు 459 మంది. జుట్టు నెలకు దాదాపు సెంటీమీటరు పెరుగుతుంది కాబట్టి, తల్లుల వెంట్రుకలను ముక్కలుగా పరీక్షించి, గర్భంలోని బిడ్డకు ఏ నెలలో ఎంత విషం సోకిందో అంచనా కట్టారు. రక్తంలో ఆ జాడ ఎప్పుడో తగ్గిపోయి ఉండేది. ఇది నిజంగా గొప్ప శాస్త్రం.

పోషకాహార పరిశోధకులకూ ఆశ కలిగింది. 1972లో డెన్వర్‌లో హాంబిడ్జ్ బృందం, ఆకలి లేక సరిగా ఎదగని కొందరు పిల్లల జుట్టులో జింకు తక్కువగా ఉందని చూపింది. ఆ తర్వాత వ్యాపారం ప్రవేశించింది. కాల్షియం, మెగ్నీషియం, సోడియం, పొటాషియం నిష్పత్తులను బట్టి మనుషులను వేగపు జీవక్రియవారు, నెమ్మది జీవక్రియవారు అని విడదీసే విధానాన్ని అమెరికాలో పాల్ ఎక్ ప్రచారం చేశాడు.

1985లో స్టీఫెన్ బారెట్ అనే వైద్యుడు ఆరోగ్యంగా ఉన్న ఇద్దరు పదిహేడేళ్ల అమ్మాయిల వెంట్రుకలను మారుపేర్లతో 13 ల్యాబులకు పంపాడు. ఒకే జుట్టును ఒకే ల్యాబుకు రెండుసార్లు పంపినా అంకెలు కలవలేదు. ఎంత ఉంటే మామూలో ల్యాబుల మధ్య ఏకాభిప్రాయమే లేదు. చాలా నివేదికలు చదివినవారిని భయపెట్టేలా ఉన్నాయి. ఆరు ల్యాబులు మాత్రలు వాడమన్నాయి, అవీ తలా ఒక రకం. 2001లో కాలిఫోర్నియా ఆరోగ్యశాఖ పరిశోధకులు ఒకే మనిషి జుట్టును ఆరు ల్యాబులకు పంపితే, పన్నెండు ఖనిజాల అంకెల్లో పది రెట్లకు మించిన తేడా వచ్చింది.

యంత్రాలు మెరుగుపడ్డా చిక్కు తీరదు. చుండ్రు షాంపూల్లో జింకు, సెలీనియం ఉంటాయి, అవి వెంట్రుకకు పట్టేస్తాయి. జింకు లోపం ముదిరితే జుట్టు పెరుగుదలే మందగించి, ఉన్న జింకు మామూలుగా కనిపించవచ్చు. పైగా ఆ నిష్పత్తులు జీవక్రియ వేగాన్ని చెబుతాయనడానికి నమ్మదగిన ఆధారం లేదు.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15-19 ఏళ్ల అమ్మాయిల్లో 59 శాతం మందికి రక్తహీనత ఉంది. అది తేలేది హిమోగ్లోబిన్ పరీక్షలో. థైరాయిడ్ మందగిస్తే టీఎస్‌హెచ్ పరీక్ష చెబుతుంది. ఈ రెండూ ప్రభుత్వాసుపత్రుల్లో చేయించుకోవచ్చు. మీ అమ్మాయి నీరసంగా ఉంటే ముందు అక్కడికి తీసుకెళ్లండి. బడిలో వారానికోసారి ఇచ్చే నీలిరంగు ఐరన్ మాత్ర వేసుకుంటోందో లేదో కూడా అడగండి.