కుటుంబ నియంత్రణ ఎవరి హక్కు? 1938 నుంచి ఇప్పటిదాకా

మన వాడల్లో ఇద్దరు పిల్లలున్న ఆడమనిషిని నర్సమ్మ అడిగే మొదటి ప్రశ్న "ఆపరేషన్ అయిందా?" అనే. నీకేం కావాలి, ఏ పద్ధతి నీ ఒంటికి పడుతుంది అని అడిగేవాళ్లు తక్కువ. ఈ తేడా ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలియాలంటే మన చరిత్రను మనమే తిరగేసుకోవాలి.

1938 నవంబర్ 10న బొంబాయి శాసనసభలో పి.జె. రోహమ్ ఒక తీర్మానం పెట్టారు. ప్రసంగం రాసింది డాక్టర్ అంబేద్కర్. ఆ రోజు ఆయన సభలో లేకపోవడంతో రోహమ్ దాన్ని చదివారు. తీర్మానం అడిగింది రెండే విషయాలు. సంతాన నియంత్రణ గురించి ప్రభుత్వం ప్రజల్లో గట్టిగా ప్రచారం చెయ్యాలి. దాన్ని పాటించడానికి తగిన సౌకర్యాలు కల్పించాలి. పేదరికం గురించి, తల్లుల అనారోగ్యం గురించి ప్రసంగం మాట్లాడింది. అయితే అక్కడితో ఆగలేదు. ఏ కారణం వల్లనైనా సరే, స్త్రీకి బిడ్డ వద్దనిపిస్తే గర్భం రాకుండా చూసుకునే స్వేచ్ఛ ఆమెకుండాలంది. కాన్పు నొప్పులు మగవాళ్లే పడాల్సొస్తే ఒక బిడ్డకు మించి ఎవడూ ఒప్పుకోడని చురక కూడా వేసింది. తీర్మానం వీగిపోయింది.

ఇది అంబేద్కర్‌కి ఆ రోజు పుట్టిన ఆలోచన కాదు. 1921లోనే బొంబాయిలో సంతాన నియంత్రణ కేంద్రం తెరిచిన ర.ధో. కర్వే, తన 'సమాజ స్వాస్థ్య' పత్రిక మీద అశ్లీలత కేసును ఎదుర్కొన్నప్పుడు 1934లో ఆయన తరఫున వాదించింది అంబేద్కరే. తమిళనాట పెరియార్ కూడా గర్భనిరోధం కావాల్సింది స్త్రీ స్వేచ్ఛ కోసమేనన్నారు. అదే కాలంలో, 1935 డిసెంబర్‌లో వార్ధా వచ్చిన మార్గరెట్ సాంగర్‌తో గాంధీ మాత్రం సాధనాలు వద్దు, నిగ్రహమే మార్గమన్నారు. కులవ్యతిరేక ఉద్యమాలు ఈ విషయంలో ఎక్కడ నిలబడ్డాయో గమనించాలి.

1952లో దేశంలో కుటుంబ నియంత్రణ కార్యక్రమం మొదలైంది. అంబేద్కర్ స్త్రీ ఇష్టం నుంచి లెక్క మొదలెడితే, ప్రభుత్వం జనాభా నుంచి మొదలెట్టింది. జనాభా లెక్క కాస్తా టార్గెట్ అయింది. ఎమర్జెన్సీలో, 1976-77 ఒక్క ఏడాదిలోనే 80 లక్షలకు పైగా ఆపరేషన్లు జరిగాయి. ఎక్కువమంది మగవాళ్లు. బలవంతానికి దొరికింది ఎదురుతిరగలేని పేదలు, దళితులు, ముస్లింలు. 1977లో ప్రభుత్వం ఓడిపోయాక శాఖ పేరు 'కుటుంబ సంక్షేమం' అయింది. కత్తి మాత్రం ఆడవాళ్ల వైపు తిరిగింది.

మన దగ్గరికే వద్దాం. 1985లో హైదరాబాద్ పక్కన పటాన్‌చెరులో ఆడవాళ్లకు నెట్-ఎన్ అనే గర్భనిరోధక సూదిమందు పరీక్షకు సిద్ధం చేశారు. అది ప్రయోగమని వాళ్లకు చెప్పలేదు. స్త్రీశక్తి సంఘటన కార్యకర్తలు అక్కడికెళ్లి నిలదీశారు. 1986లో ఇతర మహిళా సంఘాలతో కలిసి సుప్రీంకోర్టుకెక్కారు. చదువు చెప్పాల్సిన చోట సూది పొడిచారన్నదే వాళ్ల ఫిర్యాదు సారం.

1994 ఆంధ్రప్రదేశ్ పంచాయతీరాజ్ చట్టం దళితులకు, స్త్రీలకు రిజర్వేషన్లిచ్చింది. అదే చట్టం ఇద్దరికి మించి పిల్లలుంటే పోటీకి అనర్హులంది. తరతరాలుగా పంచాయతీ గడప తొక్కనివ్వని వాళ్లకు తలుపు తీస్తూనే గడియ పెట్టినట్టు! పిల్లల సంఖ్య మీద చాలా ఇళ్లల్లో మాట చెల్లని ఆడదానికి ఆ సంఖ్య పేరుతోనే సీటు పోయింది.

ఫలితం ఏమిటి? 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15-49 ఏళ్ల వివాహితల్లో దాదాపు 70 శాతం మంది ఆపరేషన్ చేయించుకున్నవాళ్లే. మగవాళ్ల ఆపరేషన్ ఒక శాతం కూడా లేదు. మాత్రలు, కాపర్-టి, నిరోధ్ అన్నీ కలిపినా చాలా స్వల్పం. ఎడం పాటించే పద్ధతులు మన ఆడవాళ్లకు నచ్చలేదందామా? అసలు వాటిని విడమరిచి చెప్పిందెవరు? ఆపరేషన్ క్యాంపులను మూడేళ్లలో ఎత్తెయ్యమని 2016లో సుప్రీంకోర్టు చెప్పింది. 2022 ఆగస్టులో ఇబ్రహీంపట్నంలో ఒకే రోజు 34 మందికి ఆపరేషన్లు చేశారు. నలుగురు తల్లులు చనిపోయారు.

2024 నవంబర్‌లో ఆంధ్రప్రదేశ్ ఇద్దరు పిల్లల నిబంధన ఎత్తేసింది. మంచిదే. కానీ చెప్పిన కారణం జననాలు తగ్గిపోతున్నాయని. నిన్న కనొద్దన్నారు, ఇవాళ కనమంటున్నారు. రెండుసార్లూ ఆమెనడగలేదు. అందుకే 1938 తీర్మానంలోని ఆ రెండు కోరికలనే మళ్లీ ముందుపెట్టాలి. అన్ని పద్ధతులూ, వాటి మంచిచెడ్డలతో సహా, ఆమె భాషలో చెప్పాలి. ఆమె ఎంచుకున్నది ఊళ్లోనే దొరకాలి. మగవాణ్ణి కూడా కూర్చోబెట్టి చెప్పాలి. టీచర్లు, విద్యార్థులు, సంఘాలు ఈ పని వాడల్లో మొదలెట్టడానికి ప్రభుత్వ ఉత్తర్వు అక్కర్లేదు.