రూపాయలు కరిగించిన క్లబ్బు

మా నాయనమ్మ పెట్టెలో విక్టోరియా రాణి బొమ్మ ఉన్న వెండి రూపాయలు కొన్ని ఉండేవి. ఒక్కొక్కటి పాతకాలపు తులం తూకం. మా మేనత్త పెళ్లికి ఆవిడ వాటిని కంసాలి చేతికిచ్చి, కరిగించి, కుంకుమభరిణె చేయించింది. “రూపాయి రూపాయిగా ఉంటే ఖర్చయిపోతుందే. భరిణె అయితే నిలుస్తుంది” అనేది. మీ ఇళ్లల్లోనూ ఇటువంటి కథ ఒకటి ఉండే ఉంటుంది. సరిగ్గా ఈ పనే ఒక ఆటల క్లబ్బువారు చేశారంటే నమ్ముతారా? అదీ ఎక్కడో కాదు, మన కలకత్తాలోనే, దాదాపు నూట యాభై ఏళ్ల క్రిందట!

ఆ ఆట పేరు రగ్బీ. కోడిగుడ్డు ఆకారంలో ఉండే బంతిని చంకన పెట్టుకొని ఎదుటి జట్టు గీత దాకా పరుగెత్తాలి. గీత దాటి బంతిని నేలకు ఆనిస్తే గెలుపు లెక్కకు వస్తుంది. అడ్డొచ్చినవాడు నడుము పట్టి పడదోస్తాడు. తోటివాడికి బంతి విసరవచ్చు గాని వెనక్కే విసరాలి, ముందుకు విసరకూడదు. మన చెడుగుడు చూచినవారికి ఈ పట్టులాట కొత్తగా తోచదు.

1872 క్రిస్మస్ నాడు కలకత్తాలోని తెల్లవారు ఈ ఆట ఆడారు. ఒక ప్రక్క ఇంగ్లండు పేర ఇరవై మంది, మరో ప్రక్క స్కాట్లండు, ఐర్లండు, వేల్సు పేర ఇరవై మంది. ఆనాడు జట్టుకు ఇరవై మందే మరి. పదిహేను మంది అన్న లెక్క తరువాత వచ్చింది. ఆట అంత బాగా రక్తి కట్టింది కాబోలు, వారం తిరిగేసరికి మళ్లీ ఆడారు. ఆ ఉత్సాహంలోనే 1873 జనవరిలో కలకత్తా ఫుట్‌బాల్ క్లబ్బు పెట్టుకొన్నారు. పేరు ఫుట్‌బాల్ అయినా ఆడింది రగ్బీయే. మొదటి ఏడాదిలోనే 137 మంది సభ్యులయ్యారు. 1874లో లండనులోని రగ్బీ యూనియనులో కూడా చేరారు.

వీరెవరూ ఆట కోసం జీతం పుచ్చుకొనేవారు కారు. కచేరీల్లోను, కంపెనీల్లోను, పటాలంలోను పని చేసుకొంటూ సరదాకు ఆడేవారు. సరదా మీద నిలిచే సంఘం ఎంతకాలం నిలుస్తుందో మీకు తెలియనిది కాదు. కలకత్తా ఎండలూ ఉక్కా ఈ ఆటకు సరిపడలేదు. ఆట తెలిసిన సైనికదళం ఒకటి ఊరు విడిచి వెళ్లింది. టెన్నిసు, పోలో ఆటల మోజు పెరిగింది. అన్నిటినీ మించి, క్లబ్బులో సభ్యులకు ఉచితంగా పోసే మద్యం ఆపేశారు. అంతటితో రాకపోకలు తగ్గిపోయాయి. భోజనాలు లేని పెళ్లికి ఎందరు వస్తారు చెప్పండి!

నాలుగైదేళ్లకే క్లబ్బు మూసే రోజు వచ్చింది. బ్యాంకులో మాత్రం డబ్బు మిగిలి ఉంది. ఇక్కడే, చెల్లెళ్లూ, కాస్త ఆగి ఆలోచించండి. నలుగురూ చేరి పోగుచేసిన డబ్బు సంఘం పోయాక ఎవరిది? తలా కాస్త పంచుకోవచ్చు. ఒక పూట గొప్ప విందు చేసుకొని చేతులు కడుక్కోవచ్చు. అడిగేవారెవరు? కాని ఆ క్లబ్బుకు కెప్టెనూ, కార్యదర్శీ, కోశాధికారీ అన్నీ తానే అయిన జేమ్స్ రోత్నీ అనే ఆయన 1877 డిసెంబరులో లండను యూనియనుకు ఉత్తరం వ్రాశాడు. మిగిలిన సొమ్ముతో ఒక కప్పు చేయించి పంపుతాము, ఆటకు పదికాలాల పాటు ఉపయోగపడాలి, మా క్లబ్బు గుర్తుగా ఉండాలి అని దాని సారాంశం.

యూనియను వారు సరేనన్నారు. బ్యాంకు నుంచి వెండి రూపాయలు తెచ్చి కరిగించారు. సుమారు 270 రూపాయలని చెబుతారు. రెండు జానలు, అంటే 18 అంగుళాల ఎత్తున కప్పు తయారయింది. దానికి మూడు పిడులు, మూడూ పడగ విప్పిన నాగుపాములే. మూత మీద అంబారీతో సహా ఒక ఏనుగు. ఒళ్లంతా సన్నని నగిషీ. ఆ పనితనం మన దేశపు పనివారిది. అడుగున ఉన్న పట్టీల మీద ఏటేటా గెలిచిన జట్టు, ఇరుప్రక్కల కెప్టెన్ల పేర్లు చెక్కారు. పాములకు పడగలు దిద్దిన చేతుల పేర్లు ఆ పట్టీల మీద లేవు. ఇంకో చిత్రం, కప్పు పంపింది 1878లో అయితే పట్టీల మీది లెక్క 1871 నుంచి మొదలవుతుంది. ఇంగ్లండు, స్కాట్లండు మొదటిసారి తలపడింది ఆ ఏడు కనుక. పుట్టకముందే జాతకం అన్నమాట!

ఆ రెండు దేశాల నడుమ జరిగే పందేనికే ఈ కప్పును కేటాయించారు. 1879 మార్చిలో ఎడింబరోలో జరిగిన మొదటి ఆట ఎటూ తేలలేదు. 1880లో ఇంగ్లండు గెలిచింది. నాటి నుంచి, ప్రపంచయుద్ధాల కాలం, మరి కొన్నేళ్లు మినహా, కలకత్తా కప్పు ఆట సాగుతూనే ఉంది. రగ్బీలో దేశాల మధ్య ఆడే కప్పులన్నిటిలోకి ఇదే పాతది. 1995లో ఆటగాళ్లు డబ్బు పుచ్చుకోవచ్చని ఒప్పుకొన్నాక ఆ ఆట కోట్ల వ్యవహారమైపోయింది. అయినా సరదాకు ఆడినవారి చందా రూపాయల కప్పు కోసమే నేటికీ పోటీ.

కప్పు కష్టాలూ పడింది. 1988లో ఆట ముగిసిన రాత్రి ఇద్దరు ఆటగాళ్లు తాగిన మైకంలో దానిని ఎడింబరో వీధుల్లో బంతిలా తన్నారు. సొట్టలు పడితే బాగుచేయించారు. ఇప్పుడది నాజూకై పోయిందని దాచి, నకలు కప్పులు చేయించుకొన్నారు.

మరి కలకత్తాలో ఏమయింది? 1884లో రగ్బీ మళ్లీ మొదలయింది. 1965లో క్లబ్బు అక్కడి పాత క్రికెట్ క్లబ్బుతో కలిసిపోయింది. ఆ సంస్థ నేటికీ ఉంది. ఒకప్పుడు తెల్ల దొరలకే పరిమితమైన ఈ ఆటను ఇప్పుడు మన ఆడపిల్లలు ఆడుతున్నారు. 2019 జూన్‌లో మన మహిళా జట్టు సింగపూరును 21-19 తేడాతో ఓడించి, పదిహేను మంది ఆటలో మొదటి అంతర్జాతీయ విజయం సాధించింది.

ఈ కథ మీకెందుకు చెబుతున్నానంటే, కొన్నేళ్ల క్రిందట మా వీధి మహిళామండలి మూతపడింది. పుస్తకంలో కొంత సొమ్ము మిగిలింది. బడికి బీరువా కొనిద్దామని ఒకరన్నారు. నేనే అడ్డం తిరిగాను, ఎవరి డబ్బు వారికిచ్చేయడమే న్యాయమన్నాను. తలా నూటపది రూపాయలు వచ్చాయి. లెక్కలో ఒక్క పైసా తేడా లేదు. ఆ నూటపదితో ఏమి కొన్నానో ఈనాడు నాకే గుర్తులేదు. తొమ్మిదేళ్లు నడిచిన మా మండలికి ఒక్క గుర్తూ మిగల్లేదు. నాలుగైదేళ్లు బ్రతికిన ఆ క్లబ్బు పేరు మాత్రం ఏటా వినబడుతూనే ఉంది.

మీ చీటీల సంఘమో, భజన మండలో రేపు ముగిసే రోజు వస్తే పంపకాలకు కూర్చునే ముందు ఆ ఏనుగు మూత కప్పును ఒక్కసారి తలచుకోండి. నాయనమ్మ మాట అప్పుడు నాకు గుర్తు రాలేదు. మీకైనా వస్తే చాలు.