రాతి బురుజు లేచి నడిచిన చదరంగం

1977 నాటి 'స్టార్ వార్స్' సినిమాలో గుండ్రటి బల్ల మీద వింత జంతువులే పావులుగా చదరంగం లాంటి ఆట సాగుతుంది. ఒకటి ఇంకోదాన్ని ఎత్తి కుదేస్తుంది. ఆ జంతువుల వేషాలు మనుషులకే వెయ్యాలని మొదట దర్శకుడు జార్జ్ లూకాస్ ఆలోచన. అంతలో, 1976లోనే, 'ఫ్యూచర్‌వరల్డ్' సినిమా మనుషులతో అలాంటి చదరంగం చూపించేసింది. దాంతో ఫిల్ టిపెట్, జాన్ బర్గ్ బుల్లి బొమ్మలు చేసి, ఫ్రేము ఫ్రేముకీ కాస్త కాస్త కదుపుతూ ఆ సీను తీశారు. ఎవరో ముందే చేసెయ్యబట్టి ఇంత అందం పుట్టిందని తెలిశాక, ఆ సీను నాకు మరీ ముద్దొస్తోంది.

ఆ సీను స్ఫూర్తితోనే ఇంటర్‌ప్లే సంస్థ 1988లో అమీగా కంప్యూటర్ కోసం 'బ్యాటిల్ చెస్' చేసింది. 1990లో అది నింటెండో వారి ఎన్ఈఎస్ ఆట యంత్రానికీ వచ్చింది. నియమాలన్నీ మామూలు చదరంగానివే. కానీ పావులు నడుస్తాయి, చంపుకుంటాయి. మనం ఏనుగనే పావు అక్కడ రాతి బురుజు. అది రాక్షసుడై లేచి బంటు తల మీద ఒక్కటిస్తుంది. గుర్రానికి గుర్రం ఎదురైతే యోధులు కాళ్లూ చేతులూ నరుక్కుంటారు. అది 1975 నాటి 'మాంటీ పైథాన్ అండ్ ద హోలీ గ్రెయిల్' సినిమాలోని నల్ల యోధుడికి నమస్కారం.

ఇంట్లో టీవీకి తగిలించే యంత్రాల్లో ఇదంతా తేలిక కాదు. ఎన్ఈఎస్ తెర మీద ఒక అడ్డగీతలో కదిలే బొమ్మలు ఎనిమిదికి మించవు. 1979 నాటి అటారీ 'వీడియో చెస్' కష్టం ఇంకా పెద్దది: వరసకి ఎనిమిది పావులు చూపడమే అటారీ యంత్రానికి చేతకాదు. ప్రోగ్రామర్ బాబ్ వైట్‌హెడ్ గీత విడిచి గీతలో పావుల్ని పక్కకి జరిపి గీయించి గట్టెక్కించాడు. ఆ తెలివిని ఎన్నిసార్లు మెచ్చుకున్నా తనివి తీరదు.

పావులకు ప్రాణం పొయ్యాలన్న కోరిక మాత్రం కొత్తది కాదు. 1831లో స్కాట్లాండ్ లూయిస్ దీవిలో దొరికిన వాల్రస్ దంతపు పావులు పన్నెండో శతాబ్దానివి. వాటిలో రాణి చెంపకి చెయ్యానించి దిగులుగా కూచుంటుంది. బురుజు చోట నిలబడ్డ సైనికుల్లో కొందరు కోపంతో డాలు అంచు కొరుకుతుంటారు. తరవాత శతాబ్దాలు గడిచి 1849లో స్టాంటన్ పావులు వచ్చాయి. పోటీలన్నిటా అవే నిలిచాయి. గుర్రానికి తప్ప మిగతా పావులకు మొహాలు పోయాయి. అది పెద్ద నష్టమే అంటాను.

బ్యాటిల్ చెస్‌లో పోట్లాటలొద్దనుకుంటే చదును బల్ల మీదే ఆడుకునే వీలుంది. ఆటలో పట్టున్నవాళ్లు దాన్నే ఎంచుకోవచ్చు. నేను మాత్రం ఆ రాక్షసుడు లేచేదాకా ఎదురుచూసే పిల్లల పక్షమే.