దామెర్ల రామారావు (1897–1925)

ఆధునిక ఆంధ్ర చిత్రకళకు పునాది వేసిన చిత్రకారుడు దామెర్ల రామారావు. మనిషినీ ప్రకృతినీ కంటికి కనిపించినట్టే చిత్రించే యథార్థ చిత్రణ 19వ శతాబ్దపు ఐరోపాలో బలపడి, రాజా రవివర్మ (1848–1906) అచ్చుచిత్రాల ద్వారా భారతీయుల ఇళ్లలోకి ప్రవేశించింది. ఆ పద్ధతి నేర్పిన నిశిత పరిశీలనను అజంతా కుడ్యచిత్రాల రేఖాలావణ్యంతో జోడించి, తెలుగు జీవితానికి తగిన శైలిని రూపొందించడం రామారావు ఘనత.

జీవితం

ఆయన 1897 మార్చి 8న రాజమహేంద్రవరంలో జన్మించాడు. స్థానిక ప్రభుత్వ ఆర్ట్స్ కళాశాల ప్రిన్సిపాల్, స్వయంగా చిత్రకారుడు అయిన ఆస్వాల్డ్ కూల్డ్రే ఆ బాలుడి ప్రతిభను గుర్తించి, ప్రోత్సహించి, 1916లో బొంబాయిలోని సర్ జె.జె. చిత్రకళాశాలలో చేరేందుకు తోడ్పడ్డాడు. బొంబాయిలో 1920 వరకు సాగిన చదువులో రామారావు శరీర నిర్మాణాన్నీ, సజీవమైన మనిషిని ఎదుట నిలుపుకొని గీసే అభ్యాసాన్నీ, వెలుగునీడల ద్వారా రూపానికి ఘనత్వం కల్పించే విధానాన్నీ క్షుణ్ణంగా నేర్చాడు. స్వస్థలానికి తిరిగి వచ్చి, మిత్రులతో కలిసి చిత్రకళాశాలను స్థాపించి, యువకులకు శిక్షణ ఇచ్చాడు. ఆయన భార్య సత్యవాణి, సోదరి దిగుమర్తి బుచ్చికృష్ణమ్మ కూడా చిత్రకారిణులే. 1925 ఫిబ్రవరిలో మశూచి సోకి, 28 ఏళ్లయినా నిండకుండానే ఆయన మరణించడం తెలుగు కళారంగానికి తీరని నష్టం.

శైలి

ఆనాటి బెంగాల్ చిత్రకారులు రవివర్మ మార్గాన్ని పాశ్చాత్య అనుకరణగా నిరసించి, కాగితాన్ని పదేపదే తడుపుతూ పలుచని రంగులను పొరలుగా పరిచే వాష్ పద్ధతిని ఆదరించారు. రామారావు ఈ రెండింటిలో దేనికీ పూర్తిగా లొంగలేదు. ‘పుష్పాలంకరణ’, ‘సిద్ధార్థ రాగోదయం’ వంటి చిత్రాలలో దేహాల పొందిక శాస్త్రీయ అధ్యయనం నుంచి వచ్చినదైతే, వాటిని కలుపుతూ సాగే మృదువైన రేఖ భారతీయ సంప్రదాయం నుంచి వచ్చింది. గోదావరి ఆయనకు ఎంతో ఇష్టమైన చిత్రవస్తువు. తూర్పు కనుమల నడుమ ఆ నది అందాలను, తీరవాసుల నిత్యజీవితాన్ని ఆయన ప్రత్యక్షంగా పరిశీలించి చిత్రించాడు.

వారసత్వం

‘ఋష్యశృంగ బంధనం’ 1922లో కలకత్తా ప్రదర్శనలో బహుమతి పొందగా, 1924లో లండన్ సమీపంలోని వెంబ్లీ ప్రదర్శనలో ఆయన చిత్రాలు చోటుచేసుకున్నాయి. ఆయన మరణానంతరం వరదా వెంకటరత్నం తదితర మిత్రులు ఆ చిత్రకళాశాలను నిలబెట్టి, తరువాతి తరాలకు శిక్షణ కొనసాగించారు. రాజమహేంద్రవరంలోని దామెర్ల రామారావు స్మారక చిత్రశాలలో ఆయన తైలవర్ణ చిత్రాలు, నీటిరంగుల చిత్రాలు, పెన్సిల్ రేఖాచిత్రాలు భద్రంగా ఉన్నాయి. పట్టుమని పదేళ్లు కూడా సాగని ఆ కృషి, ఎదుట ఉన్న జీవితాన్ని శ్రద్ధగా చూడటమూ సొంత సంప్రదాయాన్ని గౌరవించడమూ పరస్పర విరుద్ధాలు కావని ఆంధ్ర చిత్రకారులకు నిరూపించి చూపింది.